ఎండలో ముందు ఉడికేది ఎవరు?

ఏప్రిల్ సగం దాటిందంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ మెకానిక్ షెడ్ల ముందు ఒకే ఫిర్యాదు వినిపిస్తుంది. "బండి బాగ హీటెక్కుతున్నదన్నా, ఏమన్న చెయ్యి." మెకానిక్ జవాబు కూడా మారదు. ఆయిలు మార్చాలి, ప్లగ్గు చూడాలి, ఎండల పెట్టకు. బండి మీద కూర్చుని పోయే మనిషి సంగతి మాత్రం ఈ మాటల్లో ఎక్కడా రాదు. ఇంజన్ వేడి మీద మన దగ్గర చలామణిలో ఉన్న సలహాలన్నిటినీ ఒక్కచోట పోగేసి చూస్తే చాలా భాగం పాత టూ-స్ట్రోక్ బండ్ల కాలం నాటివి, కొన్ని వాట్సాప్ పుకార్లు. పనికొచ్చేవి ఉన్నాయి గానీ వాటిలోనూ ఎక్కువ బండి కోసం చెప్పినవే. అసలు ప్రమాదం ఎవరికో తేల్చుకోకుండా ఎవరిని కాపాడుకోవాలో తెలియదు. అందుకే ముందు ఆ లెక్క చూద్దాం.

లీటరు పెట్రోలులో సుమారు 33 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. లీటరుకు 60 కిలోమీటర్లిచ్చే వంద సీసీ బండి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే గంటకు ముప్పావు లీటరు పైచిలుకు తాగుతుంది. అంటే లోపల ఏడున్నర కిలోవాట్ల మంట నడుస్తోందన్నమాట. అందులో చక్రం తిప్పడానికి ఉపయోగపడేది పావు వంతు. మిగిలిన ఐదున్నర కిలోవాట్లూ వేడిగానే బయటికి పోవాలి, కొంత సైలెన్సర్ గుండా, కొంత ఇంజన్ ఒంటి మీది నుంచి. చలికాలం బకెట్లలో వేసే వాటర్ హీటర్ కడ్డీలు నాలుగింటిని కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నట్టే లెక్క.

ఈ వేడిని దించడానికే ఇంజన్ చుట్టూ అల్యూమినియం ఫిన్స్ ఉంటాయి. అవి ఎంత త్వరగా చల్లబడతాయన్నది వాటి వేడికీ, తగిలే గాలి వేడికీ మధ్య ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. ఫిన్స్ 150 డిగ్రీల్లో ఉన్నాయనుకుందాం. జనవరి పొద్దున 25 డిగ్రీల గాలికి తేడా 125. మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల గాలికి తేడా 105. చల్లబడే బలం ఆరో వంతు తగ్గింది, అంతకంటే ఏమీ కాలేదు. ఇంజన్ ఓ ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడెక్కి ఆ లోటు పూడ్చుకుంటుంది. ఆయిలు సరిగా ఉంటే దానికది పెద్ద కష్టం కాదు.

ఇదే లెక్క మనిషికి వేస్తే తిరగబడుతుంది. ఒంటి చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి 30 డిగ్రీలు ఉన్నంతసేపు బండి మీద పోతుంటే హాయిగా ఉంటుంది, వేడి ఒంట్లోంచి గాలిలోకి పోతుంది కాబట్టి. గాలి 40 దాటాక దారి మారుతుంది, వేడి గాలిలోంచి ఒంట్లోకి వస్తుంది. వేగం పెంచినకొద్దీ ఇంకా ఎక్కువ వస్తుంది. బండిని చల్లార్చే గాలే మనిషిని ఉడికిస్తుంది. అప్పుడు ఒంటికి మిగిలిన ఏకైక దారి చెమట ఆరడం. లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. అది గొప్ప ఏర్పాటే, కానీ ఆ లీటరు నీళ్లు ఎక్కడి నుంచో రావాలి కదా.

నల్లగొండ, మహబూబ్‌నగర్ పాత జిల్లాల ఎండ సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఎర్ర చెలకల నేల, రాతి గుట్టలు, తక్కువ వాన. కోస్తాలో లాగా ఉక్కపోత ఉండదు. పొడి ఎండ, దాని వెంట వడగాలి. మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు తాకితే వాతావరణ శాఖ దాన్ని వడగాడ్పుగా లెక్కిస్తుంది, 47 తాకితే తీవ్రమైన వడగాడ్పు. ఆ అంకెలు నీడలో, నేలకు ఎత్తున పెట్టిన పెట్టెలో కొలిచినవి. అదే సమయంలో తారు రోడ్డు మీద 60 డిగ్రీలు దాటి ఉంటుంది, బండి మీద మనిషి పోయేది ఆ తారు మీదే. 2015 మేలో వచ్చిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి పదిహేను వందల మందికి పైగా చనిపోయారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. తెలంగాణలో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉన్నాయి.

ఇక సలహాల సంగతికి వద్దాం. యాభై కిలోమీటర్లకోసారి బండి ఆపి ఇంజన్‌కు రెస్టివ్వాలన్నది అన్నిటికన్నా పాతది. రాజ్‌దూత్, యెజ్డీ, బజాజ్ స్కూటర్ల కాలంలో ఆ మాటకు విలువుంది. టూ-స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంకు తిరిగిన ప్రతిసారీ మంట పుడుతుంది, ఫోర్-స్ట్రోక్‌లో రెండుసార్లకు ఒకసారే. పైగా టూ-స్ట్రోక్‌కు కందెన పెట్రోలుతో పాటే రావాలి. లాంగ్ డౌన్ దిగేటప్పుడు యాక్సిలేటర్ పూర్తిగా మూస్తే పెట్రోలుతో పాటు ఆయిలూ తగ్గిపోతుంది, పిస్టన్ బోరును పట్టేస్తుంది. డొమలపెంట నుంచి కృష్ణ దాకా దిగే శ్రీశైలం ఘాట్‌లో మధ్యమధ్య యాక్సిలేటర్ ఇస్తూ దిగాలని ముసలివాళ్లు చెప్పేది అందుకే. 1996లో టూ-స్ట్రోక్ బండి ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది, దాంతో పాటు ఆ సలహాల కాలమూ చాలావరకు పోయింది. ఇప్పటి ఫోర్-స్ట్రోక్ బండికి ఖాళీ హైవే మీద నిలకడగా యాభై, అరవైలో పోవడమంత సుఖం ఇంకోటి లేదు. ఆగడం అవసరమే, కాకపోతే అది మనిషికి అవసరం.

ఇప్పటి బండి వేడెక్కేది హైవే మీద కాదు, గాలి ఆడని చోట. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర సాయంత్రం రద్దీలో ఇరుక్కున్న బండి, ముగ్గురు ఎక్కి ఫస్ట్ గేరులో గుట్ట ఎక్కుతున్న బండి, పాల క్యాన్లు కట్టుకుని గుంతల దారిలో పోయే బండి. వీటన్నిటికీ కలిసిన జబ్బు హాఫ్ క్లచ్. మన మోటార్ సైకిళ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. వేలితో లీవరు సగం పట్టుకుని నడిపితే ప్లేట్లు రాసుకుని, ఆ వేడి అంతా తిన్నగా ఆయిల్లోకే పోతుంది. గేరు గట్టిగా పడటం, న్యూట్రల్ దొరక్కపోవడం, ఆయిలు కమురు వాసన మొదటి గుర్తులు. ఇంజన్‌లోంచి గులకరాళ్లు కొట్టుకున్న చప్పుడు వస్తే ఇక ఆగాల్సిందే.

షెడ్డులో ఒక బండి ఇంజన్‌ను దగ్గరగా చూస్తే సగం కథ అక్కడే తెలిసిపోతుంది. హెడ్ గ్యాస్కెట్ దగ్గర సన్నగా ఆయిలు చెమరుస్తుంటుంది. దాని మీద చెలక దుమ్ము పడుతుంది. దుమ్మూ ఆయిలూ కలిసి, వేడికి ఎండి, ఫిన్ల సందుల్లో నల్లటి ముద్దగా గట్టిపడుతుంది. మెకానిక్ పాత బ్రష్షును కిరోసిన్‌లో ముంచి ఒక్కో సందూ తోముతుంటే కింద పెట్టిన రేకు డబ్బాలోకి బురద కారుతుంది. తోమిన తర్వాత గానీ అల్యూమినియం తెల్లగా కనిపించదు. అన్నిటికన్నా చవకైన రిపేరు ఇది, జనం అడగనిదీ ఇదే. దీనికి తోడు లెగ్ గార్డుకు ముందువైపు కట్టే సంచులు, బురద పడకుండా అడ్డం పెట్టే ఫ్లెక్సీ ముక్కలు. వానాకాలం కట్టినవి మేలో కూడా అలాగే ఉంటాయి, ఇంజన్‌కు రావాల్సిన గాలిని ఆపేస్తాయి.

ఆయిలు విషయంలో షెడ్డుకో మతం. ఎండాకాలం చిక్కటి ఆయిలు పోయాలని, 20డబ్ల్యూ-50 అయితేనే ఆగుతుందని చాలామంది మెకానిక్కులు అంటారు. స్ప్లెండర్ లాంటి బండ్లకు కంపెనీ చెప్పేది 10డబ్ల్యూ-30, ఎన్‌ఫీల్డ్‌కు 15డబ్ల్యూ-50. కంపెనీ మాటే వినడం మంచిదని నా అభిప్రాయం. ఇంజన్ లోపలి సందులు ఆ చిక్కదనానికి తగ్గట్టు చేసినవి. అయినా గ్రేడు కంటే కొలత ముఖ్యం. వంద సీసీ బండిలో పట్టేది లీటరుకు అటూ ఇటూ. అందులో మూడొందల మిల్లీలీటర్లు ఎగిరిపోతే దాదాపు మూడో వంతు పోయినట్టు. మెయిన్ స్టాండు మీద నిలబెట్టి, ఇంజన్ చల్లారాక డిప్‌స్టిక్ తీసి చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. డబ్బా మీద, ఆయిల్లో మునిగే క్లచ్‌కు సరిపడుతుందని చెప్పే జాసో ఎంఏ గుర్తుందో లేదో కూడా చూసుకోవాలి. కారు ఆయిలు చవగ్గా దొరికిందని పోస్తే క్లచ్ జారుతుంది, జారితే మళ్లీ వేడి.

మైలేజీ పిచ్చి మన ఇంజన్లను ఎండ కంటే ఎక్కువ కాల్చింది. కార్బురేటర్ బండ్ల రోజుల్లో షెడ్డుకు పోయి "ఇంకో ఐదు కిలోమీటర్లు పెరిగేటట్టు తిప్పన్నా" అనడం మామూలే. స్క్రూ తిప్పితే పెట్రోలు తగ్గి గాలి ఎక్కువవుతుంది, అలాంటి మిశ్రమం మరింత వేడిగా మండుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చి, ఫ్యూయల్ ఇంజెక్షన్ దాదాపు అన్ని బండ్లకూ చేరాక ఆ స్క్రూ పోయింది. కానీ కొత్త వేడి ఒకటి వచ్చింది. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పని చేయాలంటే అది వందల డిగ్రీల వేడిలో ఉండాలి. ఇప్పుడు చాలా బండ్లలో అది ఇంజన్‌కు దగ్గరగా, కుడి కాలు పక్కనే ఉంటోంది. "కొత్త బండి పాతదానికంటే ఎక్కువ కాలుతున్నది" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. పిక్కకు సైలెన్సర్ తగిలితే టూత్‌పేస్టు, పసుపు పూయకుండా ఇరవై నిమిషాల పాటు చల్లటి నీటి ధార కింద పెట్టాలి. ఎండిన గడ్డి మీద, వరి కొయ్యకాళ్ల మీద వేడి బండి నిలపకూడదు. వేసవిలో నల్లమల అడవికి నిప్పంటుకోవడానికి చిన్న రవ్వ చాలు, మన్ననూరు దాటాక రోడ్డు పక్క గడ్డిలోకి బండి దించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

నీళ్లతో చల్లారే ఇంజన్లు వేరే రకం. పల్సర్ ఎన్‌ఎస్200, ఆర్15, కేటీఎం బండ్లలో రేడియేటర్ ఉంటుంది. ఇంజన్‌కు అది రక్షణే గానీ ఫ్యాన్ తిరిగినప్పుడు ఆ వేడిగాలి తొడల మీదికి వస్తుంది. వాటిలో చూసుకోవాల్సింది కూలెంట్ మట్టం. తగ్గిందని బోరు నీళ్లు పోస్తే లోపల ఉప్పు పేరుకుంటుంది, వేడిగా ఉండగా మూత తిప్పితే మొహం కాలుతుంది. బండి ఆగిన చోట వేడి తగ్గించే ఉపాయాలు కంపెనీలూ వెతికాయి. హార్లే-డేవిడ్‌సన్ పెద్ద బండ్లలో సిగ్నల్ దగ్గర నిలిచినప్పుడు వెనక సిలిండర్ తనంతట తానే మంట ఆపేసుకుంటుంది. హీరో 2014లో తెచ్చిన ఐత్రీఎస్ ఏర్పాటు, బండి న్యూట్రల్‌లో ఐదు సెకన్లుంటే ఇంజన్‌నే ఆపేస్తుంది. ఆ ఏర్పాటు లేనివాళ్లకు తాళం చెవి ఉంది, దాని పనీ అదే.

ఎలక్ట్రిక్ స్కూటర్‌కు ఇంజన్ వేడి లేదు గానీ బ్యాటరీ వేడి ఉంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఇళ్లలో బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాక కేంద్రం బ్యాటరీ పరీక్షలను కఠినం చేసింది. ఎండలో తిరిగొచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టకుండా గంటసేపు చల్లారనివ్వడం, మనుషులు పడుకునే గదిలో పెట్టకపోవడం ఇప్పటికీ పాటించాల్సినవే.

పుకార్ల పని త్వరగా ముగిద్దాం. ఎండాకాలంలో ట్యాంకు ఫుల్ చేయిస్తే పేలుతుందన్నది ప్రతి ఏడూ తిరిగే సందేశం. ఇండియన్ ఆయిల్ పేరుతోనే తిరిగింది, ఆ సంస్థే దాన్ని ఖండించింది. పెట్రోలు దానంతటదే అంటుకోవాలంటే దాదాపు 250 డిగ్రీలు కావాలి, ఏ ఎండా అంత కాయదు. అయితే పెట్రోలు వేడికి వ్యాకోచిస్తుంది. పది లీటర్లు ఇరవై డిగ్రీలు వేడెక్కితే సుమారు రెండొందల మిల్లీలీటర్లు పెరుగుతుంది. మెడ దాకా పోయించి ఎండలో నిలిపితే కారేది అదే. మూతి కింద కొంచెం జాగా వదిలితే సరి. టైర్లలో గాలి తగ్గించాలన్నది ఇంకో మాట. ఇరవై డిగ్రీల తేడాకు 28 పాయింట్ల టైరులో పెరిగేది మూడు పాయింట్లు. గాలి తక్కువ ఉంటేనే టైరు ఎక్కువ మడతపడి ఎక్కువ కాగుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కంపెనీ చెప్పినంత కొట్టించుకుని వదిలేయాలి. వేడి ఇంజన్ మీద నీళ్లు చల్లడం అన్నిటికంటే చెడ్డది. ఒకవైపు ఒక్కసారిగా కుంచించుకుని హెడ్డు వంకరపోవచ్చు, పగలొచ్చు. చెట్టు కింద ఆపి, పావుగంట ఊరుకుంటే చాలు.

ఇంజన్ మీద ఇంత శ్రద్ధ పెట్టేవాళ్లం మన ఒంటికి చేసేది ఏమిటి? చాలామంది ఎండకు చేసే మొదటి పని బట్టలు తగ్గించడం. పొట్టి చేతుల టీషర్టు, చెప్పులు, హెల్మెట్ ట్యాంకు మీద. గాలి తగిలితే చల్లగా ఉంటుందన్న నమ్మకం. పైన వేసిన లెక్క ప్రకారం 40 దాటాక జరిగేది దానికి పూర్తిగా ఎదురు. చెమట పట్టినట్టు కూడా తెలియదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. చెమట కనబడలేదు కాబట్టి దాహం లేదనుకుంటాం. అమెరికాలో ఒక్క రోజులో వెయ్యి మైళ్లు తోలే ఐరన్ బట్ అసోసియేషన్ వాళ్లు ఎడారి రాష్ట్రాల్లో పోయేటప్పుడు పాటించే సూత్రం ఇదే. గాలి ఒంటి వేడిని మించితే జాకెట్ తెరవకు, మూసుకో, లోపలి బట్ట తడుపుకో.

మన వాళ్లకు ఈ సూత్రం ఎవరూ చెప్పకుండానే తెలుసు. హాలియా చౌరస్తాలో మధ్యాహ్నం ఆగే టీవీఎస్ ఎక్స్‌ఎల్ వ్యాపారిని చూడండి. వెనక చీరల మూటలు. బోరింగు దగ్గర తువ్వాల ముంచి, నీళ్లు కారనంత వరకే పిండి, ముందు మెడ చుట్టూ ఒక చుట్టు, తర్వాత చెవుల మీదుగా నెత్తికి, కొస ముక్కు మీదికి తెచ్చి వెనక దోపుతాడు. నిండు చేతుల చొక్కా గుండీలన్నీ పెట్టుకుంటాడు. ఇక్కడి పొడి గాలికి ఆ తడి వెంటనే పని చేస్తుంది, అదే గాలి దాన్ని తొందరగానే ఆరబెట్టేస్తుంది, మళ్లీ ఇంకో బోరింగు. ఇదే తువ్వాల మచిలీపట్నంలో ఇంత పని చేయదు, అక్కడి గాలిలో తడి ఎక్కువ. ఆయనలో నాకు కనిపించే తప్పు ఒక్కటే, తువ్వాల మీద హెల్మెట్ లేకపోవడం. లేత రంగు హెల్మెట్ తలకు సొంత నీడ. తడి బట్ట లోపల ఉంటే తల ఉడుకుతుందన్న సాకు కూడా పోతుంది.

తాగేది ఏమిటన్నదీ చూసుకోవాలి. ఉప్పేసిన పలచని మజ్జిగ, నల్లగొండ బత్తాయి రసం, దారి పక్క తాటి ముంజలు అన్నీ మంచివే. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. నడివేసవి కల్లు మాత్రం ప్రయాణం ముగిశాకే, అది దాహం తీర్చినట్టుంటుంది గానీ ఒంట్లో నీటిని బయటికి పంపిస్తుంది. మునుగోడు, మర్రిగూడ వైపు పాత బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ గొడవ తెలిసిందే కాబట్టి తడుపుకోవడానికి బోరు నీళ్లు, తాగడానికి ఇంటి నుంచి తెచ్చిన సీసా. తలనొప్పి, పిక్కలు పట్టేయడం, ఇండికేటర్ వేసి తీయడం మర్చిపోవడం మొదలైతే వెంటనే ఆగాలి. చర్మం కాలిపోతూ, మాట తడబడుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, గాలి విసురుతూ 108కు ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

ఆగాలంటే నీడ కావాలి కదా. ఇక్కడే ఈ ప్రశ్న బండి దాటి, మనిషి దాటి, రోడ్డు దగ్గరికి వస్తుంది. హైదరాబాద్ నుంచి చిట్యాల, నకిరేకల్ మీదుగా విజయవాడ పోయే రోడ్డూ, షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా బెంగళూరు పోయే రోడ్డూ నాలుగు వరుసలయ్యాక చాలా చోట్ల పాత చింతలు, వేపలు పోయాయి. మధ్యలో గన్నేరు పూలున్నాయి, వాటి కింద కోడి కూడా నిలబడదు. జడ్చర్ల నుంచి కల్వకుర్తి, దేవరకొండ మీదుగా మిర్యాలగూడ పోయే దారిలో బస్ షెల్టర్లే బైకువాళ్ల విశ్రాంతి మందిరాలు. సాయంత్రం ఆరింటికి బయలుదేరితే చల్లగా ఉంటుందనుకునేవాళ్లకు ఇక్కడి గుట్టలు ఎదురు నిలుస్తాయి, రాయి పొద్దంతా పట్టిన వేడిని పొద్దుగూకినంక వదులుతుంది. అసలైన చల్లటి వేళ మబ్బుల నాలుగింటి నుంచి ఎనిమిది దాకా. పాలవాళ్లు, కూరగాయలవాళ్లు ఆ వేళకే తిరుగుతారు.

వేళ ఎంచుకునే వీలు లేనివాళ్ల మాటేమిటి? పార్సిళ్లు తెచ్చేవాళ్లు, ఫైనాన్స్ వసూళ్లవాళ్లు, మెడికల్ రెప్‌లు, మీటరు రీడింగ్‌వాళ్లు. వాళ్ల మధ్యాహ్నాన్ని నిర్ణయించేది పైన కూర్చున్న టార్గెట్. మన పిల్లలు బైకుల మీద డెలివరీలు చేసే గల్ఫ్‌లో దీనికి నిబంధనలు పెట్టారు. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం, డెలివరీ రైడర్లకు ఏసీ విశ్రాంతి గదులు. కువైట్‌లో ఇటీవలి వేసవుల్లో పగలు 11 నుంచి 4 దాకా బైకు డెలివరీలే ఆపించారు. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి నాలుగు లక్షల పరిహారం అంది. మంచిదే. కానీ ఎండకు కళ్లు తిరిగి బండి మీది నుంచి పడిపోయినవాడు రికార్డులో రోడ్డు ప్రమాదంగా మిగిలే అవకాశమే ఎక్కువ, ఆ లెక్కలోకి వాడు రాడు.

కాబట్టి ఈ వేసవికి అడగాల్సింది రెండే. నల్లగొండ, మహబూబ్‌నగర్ రోడ్ల మీద మనుషులను బండ్లెక్కించి పంపే ప్రతి ఏజెన్సీ ఏప్రిల్, మే నెలల్లో పన్నెండు నుంచి నాలుగు దాకా రౌండ్లు ఆపి, ఆ పనిని పొద్దుటికీ సాయంత్రానికీ మార్చాలి. రోడ్లు వేసేవాళ్లు పది కిలోమీటర్లకొక నీడ, ఒక నల్లా కట్టాలి. ఇంజన్ సంగతి మెకానిక్ చూసుకుంటాడు.